ఆ మూడో గది రైలుకివ్వండి

మా ఆఫీసులో ఈ మధ్య భోజనాల దగ్గర ఎవరూ కోడు గురించి మాట్లాడ్డం లేదు. అందరి చేతుల్లోనూ ఫ్లోర్ ప్లాన్లే. తెల్లాపూరట, కొల్లూరట, నార్సింగట. ఫోన్లో ప్లాన్ తీసి రెండు వేళ్ళతో పెద్దది చేసి మరీ చూపిస్తారు. ఇది మాస్టర్ బెడ్రూమ్, ఇది పిల్లలది, ఇది పూజగది, ఇదేమో యుటిలిటీ.. ఇక మిగిలిన ఆ పదడుగుల బై పదకొండడుగుల గది దగ్గరకొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట. గెస్ట్ రూమ్.

ఎవరండీ ఆ గెస్టు? నేనిప్పుడు ఉంటున్న అద్దె ఫ్లాట్లో ఓ సంవత్సరం పాటు కేలండర్ మీద టిక్కులు పెట్టి లెక్కేశాను. మా గెస్ట్ రూములో మనిషనేవాడు పడుకున్న రాత్రులు 11. అందులో నాలుగు రాత్రులు నేనే, జలుబు చేసి. మిగతా రోజులన్నీ అక్కడ హాయిగా కాపురం చేసింది ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, ఖాళీ సూట్‌కేసులు, లాక్‌డౌన్‌లో కొన్న ట్రెడ్‌మిల్లు. ఆ గది లోపలి కొలత 110 చదరపు అడుగులే అయినా సూపర్ బిల్టప్ లెక్కలో 150 దాకా పోతుంది. అడుగు 8 వేలు అనుకున్నా 12 లక్షలు. ట్రెడ్‌మిల్లు కోసం 20 ఏళ్ళు ఈఎంఐ కడుతున్నామన్నమాట :)

నేను వచ్చే ఏడాది చేతికొచ్చే ఫ్లాట్లో ఆ గదిని రైలుకి ఇస్తున్నాను. మోడల్ రైల్వేకి. నేల మీద గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ బొమ్మ సంగతి కాదు నేను చెప్పేది. కొలత ప్రకారం తగ్గించి కట్టిన స్టేషను, యార్డు, సిగ్నళ్ళు, పాయింట్లు, వాటి మీద ఒక టైంటేబుల్ ప్రకారం నడిచే బండ్లు. ఈ మాట బయటపెట్టిన రోజు నుంచి నాకు దొరుకుతున్న మర్యాదలు చూశాక ఇది రాయక తప్పలేదు. మీలో చాలామంది ఇప్పుడు ఇళ్ళు కొంటున్నారు కాబట్టి, స్లాబు పడకముందే చెబితే ఎవరో ఒకరికైనా పనికొస్తుందని.

మొదటి మర్యాద: "చిన్నపిల్లాడివా?"

హోం థియేటర్ పెట్టుకుంటానంటే ఎవరూ నవ్వరు. నాలుగు లక్షలు పోసి నల్లగోడల గదిలో కూర్చుని ఎవరో తీసిన సినిమా, ఎవరో కొట్టిన డప్పు వినడం పెద్దమనిషి తరహా. సొంత చేత్తో ఓ స్టేషను కట్టుకోవడం మాత్రం పిల్లచేష్ట. ఇదెక్కడి లెక్కో నాకు అర్థం కాదు.

నయాపూల్ దాటి అవతలి ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్ళు మనలో ఉండరు. అక్కడ పిల్లల విభాగం అని ఒకటుంది, బొమ్మలు, బారులు తీరిన బొమ్మ సైనికులు. అవన్నీ పోగేసిన మూడో సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949లో పోయేదాకా పెళ్ళే చేసుకోలేదు. ఆయనకి పిల్లల్లేరు. మరి ఆ బొమ్మలు ఎవరికోసమంటారు? గ్వాలియర్ సింధియాల జైవిలాస్ ప్యాలెస్‌లో భోజనాల బల్ల మీద వెండి రైలు తిరిగేది, బ్రాందీలూ చుట్టలూ అతిథుల ముందుకు మోసుకుంటూ. నవాబులు, మహారాజులు చేస్తే అభిరుచి, నెలజీతం వాడు చేస్తే చాపల్యం. డబ్బుని బట్టి వయసు లెక్కపెట్టే అలవాటు మనకి ఎప్పుడొచ్చింది?

సరే, రాజుల్ని పక్కన పెట్టండి. మనం ఏ కొమ్మ మీద కూర్చున్నామో చూద్దాం. మనవాళ్ళు వారాంతంలో హ్యాకథాన్ అంటూ పిజ్జాలు తింటారే, ఆ 'హ్యాక్' అనే మాట మన అర్థంలో ఎక్కడ పుట్టిందో తెలుసా? ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులో. వాళ్ళలో రెండు రకాలు. పైన కొండలు, ఇళ్ళు, ఇంజన్లు చేసేవాళ్ళు ఒకరు. బల్ల కిందకి దూరి, టెలిఫోను ఎక్స్ఛేంజి సామానుతో, రిలేలతో, ఏ పట్టాకి ఏ కరెంటు ఎప్పుడు పోవాలో తేల్చే 'సిగ్నల్స్ అండ్ పవర్' వాళ్ళు ఇంకొకరు. ఆ రెండో బృందంలో చాలామంది కంప్యూటర్ దొరగ్గానే దాని మీద పడ్డారు. 1962 నాటికి స్పేస్‌వార్ ఆట రాసింది ఈ క్లబ్బు వాళ్ళే. స్టీవెన్ లెవీ 1984లో రాసిన 'హ్యాకర్స్' పుస్తకం మొదలయ్యేదే ఆ రైలు గదిలో. అంటే మన వృత్తికి ఓ పురిటిల్లు ఉంటే అందులో ఓ మూల రైలు బల్ల కూడా ఉందన్నమాట.

ఇంకోటి. ఓపెన్ సోర్స్ లైసెన్సు కోర్టులో నిలబడుతుందా లేదా అని చాలాకాలం వాదనలు నడిచాయి గుర్తుందా? అమెరికాలో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2008 ఆగస్టులో తేల్చింది, ఆ షరతులు మీరితే కాపీరైటు మీరినట్టే అవుతుందని. జేకబ్సన్ వర్సెస్ కట్జర్ కేసు. ఆ కేసు ఏ సాఫ్ట్‌వేర్ మీద? జేఎంఆర్ఐ, అంటే జావాలో రాసిన మోడల్ రైలు నడిపే ప్రోగ్రాము. రాసినాయన బర్కిలీలో భౌతికశాస్త్రం ప్రొఫెసరు. మీరు రోజూ ఆఫీసులో ధైర్యంగా వాడుకునే ఓపెన్ సోర్స్ లైబ్రరీలకి కోర్టులో అండ దొరకడం వెనక ఓ రైలు పిచ్చోడి పోరాటం ఉంది. కాస్త నవ్వు తగ్గించండి.

రెండో మర్యాద కాస్త గట్టిది. "అది దొరల హాబీ బాస్, మనకి అవ్వదు. ఓ జర్మన్ ఇంజను ఖరీదు పెడితే ఇక్కడ బైకొస్తుంది."

ఇందులో నిజం లేకపోలేదు. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. కస్టమ్స్ పద్దుల్లో బొమ్మలూ స్కేల్ మోడళ్ళూ ఒకే శీర్షిక కింద ఉంటాయి. అంటే వాళ్ళ దృష్టిలో కూడా మీ రైలింజనూ పాపాయి గిలక్కాయా ఒకటే :) అయితే కొనాల్సింది ఎంత అన్నది చూడాలి. ఇంజను, పట్టాలు, పాయింట్లు, చక్రాలు. ఇంతే. గది నిండా కనిపించే మిగతా తొంభై పాళ్ళ సామాను పెట్టెలో పెట్టి అమ్మేవాడి దగ్గర కొనడం బద్ధకం తప్ప ఇంకేమీ కాదు.

నేను పుట్టి పెరిగింది అఫ్జల్‌గంజ్‌లో, సెంట్రల్ లైబ్రరీకి కూతవేటు దూరంలో. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వ్యాపారులకిచ్చిన జాగా కాబట్టి ఆ పేరు. హైటెక్ సిటీ వైపు ఇళ్ళు కొన్నవాళ్ళలో ఎంతమంది గత పదేళ్ళలో అటు అడుగుపెట్టారో చేతులెత్తండి. ట్రాఫిక్కు, దుమ్ము, పార్కింగు లేదు.. తెలుసు. మెట్రోలో వెళ్ళండి, నడవండి. అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో మొదలుపెట్టి, సిద్దిఅంబర్ బజారు మీదుగా బేగంబజారు తిరిగి, చివరికి కోఠి గుజరాతీ గల్లీలో తేలితే ఒక్క పూటలో మీ రైల్వే జోను సామానంతా సంచిలో పడుతుంది.

బల్లకి కాళ్ళు కావాలా? గోదాముల్లో రాకులకి వాడే బెజ్జాల ఇనప యాంగిల్, కోసి ఇస్తారు. ఎత్తు సరిచేసుకోవడానికి కాళ్ళ కింద బోల్టులు. పైకి 12 ఎంఎం ప్లైవుడ్. పట్టాల కింద పరవడానికి విదేశాల్లో కార్కు అమ్ముతారు, మనకి చెప్పులు కుట్టేవాళ్ళు వాడే పల్చటి ఫోమ్ షీటు చాలు, చప్పుడు మింగేస్తుంది. కంకరకి ఏంచేస్తారు? గ్రానైటు కోసే చోట పొడి ఊరికే ఇస్తారు, రెండు రకాల జల్లెళ్ళు కొని పట్టుకోండి, పెద్ద జల్లెడ దాటి చిన్న జల్లెడలో మిగిలిందే మీ కంకర. ఫెవికాల్‌లో సగం నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి సిరంజితో పోస్తే పొద్దున్నకి రాయిలా బిగుస్తుంది. గడ్డికి జనపనార తాడు విప్పి ముక్కలు చేయడం, పొదలకి రంగేసిన స్పాంజి తురుము, తుమ్మచెట్లకి కొబ్బరి పీచు. నేలకి వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లండి. దక్కన్ ఎర్రమట్టి రంగు కావాలంటే అసలు ఎర్రమట్టే జల్లించి చల్లండి, దానికి మించిన రంగు ఏ డబ్బాలోనూ లేదు. పాయింట్లు తిప్పడానికి కోఠిలో చిన్న నీలం సర్వో మోటర్లు, ఆర్డుయినో మెగా బోర్డు. దాని మీద డీసీసీ-ఈఎక్స్ అనే ప్రోగ్రాము ఉచితంగా నడుస్తుంది, ఇంతకుముందు చెప్పిన జేఎంఆర్ఐతో మాట్లాడుతుంది. అక్కడి నుంచి అంతా మనకి తెలిసిన విద్యే.

అన్నట్టు, నేను ఈ ప్రాజెక్టు చెప్పినప్పుడు నవ్వని మనిషి ఒకే ఒక్కడు. ప్లైవుడ్ కొట్టు పెద్దాయన.

"క్యా బనారే సాబ్?"

"రైల్."

"అస్లీ?"

"ఛోటీ, చాచా. కమ్రే మే చల్నే వాలీ."

"తో పైలే బోల్నా థా. యే ప్లై నక్కో, బారిష్ మే ఫూల్తీ. వో లేజావ్."

అంతే. ఎందుకు, ఎవరికి, నీ వయసెంత అని అడగలేదు. వానాకాలంలో ఉబ్బుతుందా ఉబ్బదా అన్నదొక్కటే ఆయనకి ముఖ్యం. మన డిజైన్ రివ్యూల్లో ఇలాంటివాడు ఒక్కడుంటే చాలు అనిపించింది.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం కూడా. లేఅవుట్ కట్టినవాళ్ళు అనుభవంతో చెప్పేదేంటంటే, పట్టాలు వంకరపోవడానికి లోహం కన్నా కింద ఉన్న చెక్కే ఎక్కువ కారణమవుతుంది. మన ఊళ్ళో ఏప్రిల్‌లో గాలి ఎండిపోయి చెక్క బిగుసుకుంటుంది, ఆగస్టులో తేమ పీల్చి సాగుతుంది. అందుకే నీటికి తట్టుకునే రకం ప్లైవుడ్ కొనాలి, కోసిన అంచులకి, అడుగున కూడా పెయింటు వేయాలి, పట్టాల అతుకుల మధ్య అక్కడక్కడా సందు వదలాలి.

ఇక అసలు గొడవ, గది. ఇక్కడే మనవాళ్ళ మీద నాకు కోపం. ఎవరైనా పొరపాటున రైలు పెట్టాలనుకున్నా "ముందు ఇల్లు తీసుకుందాం, ఏదో ఒక గది మిగులుతుందిలే" అంటారు. మిగిలిన గదిలో రైలు పట్టదు. కిచెన్ ప్లాన్ చేసేప్పుడు పొయ్యికీ సింకుకీ మధ్య ఎన్ని అడుగులో లెక్కేస్తాం కదా, రైలుకి అంతకన్నా ఖచ్చితమైన లెక్కలున్నాయి. చూడండి.

హెచ్ఓ స్కేలు అంటే అసలుని 87వ వంతుకి తగ్గించడం. మన ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23.54 మీటర్లు, తగ్గిస్తే 27 సెంటీమీటర్లు. పెట్టె మలుపులో కుదురుగా తిరగాలంటే మలుపు వ్యాసార్ధం పెట్టె పొడవుకి మూడింతలైనా ఉండాలని ఓ మోటు సూత్రం. అంటే 81 సెంటీమీటర్లు. బండి బల్ల మీదే వెనక్కి తిరగాలంటే అటూ ఇటూ అంచులతో కలిపి దగ్గర దగ్గర ఆరడుగుల వెడల్పు. మనిషి చెయ్యి సౌకర్యంగా చేరేది 75 సెంటీమీటర్లు. ఆరడుగుల బల్ల గోడ మూలకి చేరిస్తే, దాని వెనక పట్టాలు తప్పిన పెట్టెని ఎవరు తీస్తారు? కాబట్టి మధ్యలో బల్ల కాదు, గోడల చుట్టూ అరుగులాగా బల్ల, మధ్యలో మనిషి.

ఇప్పుడు 10 బై 11 గదిలో గోడల చుట్టూ తిరిగొస్తే ఒక చుట్టు సుమారు పదిన్నర మీటర్లు. 24 పెట్టెల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పెట్టారనుకోండి, అదే ఆరున్నర మీటర్లు. చుట్టులో సగం కన్నా ఎక్కువ బండే. ఇంజను తన తోకని తానే తరుముకుంటున్నట్టు ఉంటుంది. అదే 160వ వంతు ఎన్ స్కేలు అయితే మూడున్నర మీటర్లు, చూడ్డానికి బాగుంటుంది. ఈ లెక్క ముందు వేసుకోకుండా మూడు లక్షల సామాను కొని అటక మీద పెట్టినవాళ్ళు ఉన్నారు.

తలుపు. గోడల చుట్టూ బల్ల ఉంటే తలుపు దగ్గర అడ్డం వస్తుంది కాబట్టి అక్కడ మడిచే వంతెన కావాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. కిటికీ అడుగు మామూలుగా నేల నుంచి మూడడుగుల్లో ఉంటుంది, బల్లేమో నాలుగడుగులు. అంటే కిటికీకి అడ్డంగా మీ స్టేషను. అటాచ్డ్ బాత్రూము ఉంటే ఇంకో తలుపు, ఇంకాస్త తేమ. గోడలో వార్డ్‌రోబ్ గూడు ఉంటే ఒక గోడ పోయినట్టే. అందుకే ప్లాన్ చూసేప్పుడు ఏ గది పెద్దదని కాదు, ఏ గదికి తలుపులూ గూళ్ళూ తక్కువ అని చూడండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది, దీన్ని ఏ బ్రోషరూ చెప్పదు. ఇప్పుడు పెద్ద టవర్లన్నీ ఎక్కువగా మివాన్ పద్ధతిలో కడుతున్నారు. అల్యూమినియం అచ్చు పెట్టి గోడా స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. గోడే భవనాన్ని మోస్తుంది. ఇటుక గోడకైతే తర్వాత బొరియ చేసి రైలుని పక్కగది అల్మరాలోకి పంపొచ్చు, అక్కడ నాలుగు బండ్లు దాచుకోవచ్చు. మివాన్ గోడని ముట్టుకోనివ్వరు, ముట్టుకోకూడదు కూడా. కరెంటు గొట్టాలు సైతం పోత పోసేప్పుడే లోపల పెట్టేస్తారు. అంటే మీకున్న అవకాశం కొనేముందు ప్లాన్ చూసే ఆ పది నిమిషాలే. మా బిల్డరుగారి ఇంటీరియర్ ఆవిడ "సార్, తర్వాత కస్టమైజ్ చేద్దాం" అని మూడుసార్లు అన్నారు. కాంక్రీటుకి తర్వాత అనేది ఉండదమ్మా!

నేను రాయించుకున్నవి ఇవి: ఆ గదికి విడిగా ఒక ఎంసీబీ, తలుపు పక్కన మొత్తం ఆపేసే ఒక స్విచ్చు, నాలుగు గోడలకీ బల్ల కింద ఎత్తులో ప్లగ్గులు, ఏసీ గొట్టం రైలు మీద నీళ్ళు కార్చని చోట. పట్టాలకి కరెంటు మోసే పెద్ద తీగ ఇళ్ళకి వాడే రెండున్నర ఎంఎం వైరే, దాన్నుంచి మీటరుకోసారి పట్టాలకి చిన్న తీగలు. కిటికీకి దుమ్మురాని రబ్బరు అంచు. ఫాల్స్ సీలింగ్ వద్దన్నాను, సమానంగా వెలుగుపడే ట్యూబులు చాలన్నాను. వాస్తు ప్రకారం ఏ మూల మంచిదని మా బావగారు అడిగారు. బండి ప్రతి రెండు నిమిషాలకీ ఎనిమిది దిక్కులూ తిరిగొస్తుంది, ఎవరికి ఏ దిక్కు కావాలంటే అక్కడ ఆపుతాను అన్నాను. ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు.

మరి ఏ రైలు? ఇక్కడ నేను మోడల్ రైలు వాళ్ళతోనే పోట్లాడాలి. మన దేశంలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు కొద్దిమంది కాదు. పూణే కోత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. కానీ ఇళ్ళల్లో నేను చూసిన లేఅవుట్లలో సగం ఆల్ప్స్ కొండలే. మంచు, దేవదారు చెట్లు, గంటస్తంభం ఉన్న చర్చి. కూకట్‌పల్లిలో కూర్చుని స్విట్జర్లాండు కడుతున్నారు. హాంబర్గ్‌లో మినియేచర్ వండర్‌లాండ్ వాళ్ళు 2001 నుంచి ఆ పని మనకన్నా వెయ్యిరెట్లు బాగా చేస్తున్నారు, అది వాళ్ళకి వదిలేయండి.

మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. హెచ్ఓ పట్టా వెడల్పు 16.5. భాగించి చూడండి, 101 వస్తుంది, 87 కాదు. అంటే దొరికే పట్టా మీద మన బండి పెడితే బక్క కాళ్ళ మీద పెద్ద పొట్టలా ఉంటుంది. అదే మీటర్ గేజి అయితే, 1000ని 87తో భాగిస్తే పదకొండున్నర. మార్కెట్లో 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది. దాదాపు సరిపోయింది! పైగా మీటర్ గేజి పెట్టెలు పొట్టివి, మలుపులు బిగువు, ఎనిమిది పెట్టెల బండి రెండు మీటర్లకి అటూ ఇటూ. మన పదకొండడుగుల గది కోసమే కొలిచి చేసినట్టుంటుంది.

ఆ మీటర్ గేజి ఎక్కడిదో కాదు, అఫ్జల్‌గంజ్ నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాచిగూడది. 1916లో కట్టిన స్టేషను, నిజాం రైల్వేకి ముఖ్యకేంద్రం. అజంతా ఎక్స్‌ప్రెస్ మన్మాడ్ వైపు, మీనాక్షి ఎక్స్‌ప్రెస్ జైపూర్ వైపు.. ఒకప్పుడు ఇవన్నీ మీటర్ గేజి బండ్లే. 1990ల్లో ఒక్కొక్క లైనే బ్రాడ్‌గేజికి మారుతూ వచ్చి, 2000 దశకం తొలి ఏళ్ళకల్లా మన జంటనగరాల్లో మీటర్ గేజి అనేది లేకుండా పోయింది. మార్చడం తప్పని నేననను, బ్రాడ్‌గేజి రావాల్సిందే. కానీ స్టేషను భవనం నిలిచింది, ఆ యార్డు నిలవలేదు. ఏ లైను ఎక్కడ చీలింది, నీళ్ళ గొట్టం ఎక్కడ, ఇంజను ఎటు తిరిగేది, ఇదంతా ఇప్పుడు ఎక్కడుంది? ఆ పట్టాల మీద పని చేసినవాళ్ళ తలల్లో. వాళ్ళకి ఎనభైలు దాటుతున్నాయి.

పాతవి వాటంతటవే నిలబడి ఉంటాయనుకుంటాం మనం. గౌలిగూడ బస్టాండు షెడ్డు తెలుసు కదా, విమానాల హ్యాంగర్‌గా వచ్చిన ఆ ఇనప గుమ్మటం. నిజాం రైల్వే తన రోడ్డు రవాణా శాఖని 27 బస్సులతో 1932లో మొదలుపెట్టాక బస్సులకి అదే నీడ. 1994లో ఎంజీబీఎస్ వచ్చేదాకా జిల్లాల బస్సులన్నీ అక్కడి నుంచే. 2018 జులైలో ఓ పొద్దున్న కూలిపోయింది. చిన్నప్పుడు వేలసార్లు దాని కింద నిలబడ్డ మా గల్లీ వాళ్ళల్లో ఒక్కరి దగ్గరా దాని లోపలి ఫోటో సరైనది లేదు. ఎన్ని ఇనప వంపులుండేవి అంటే తలా ఒక అంకె చెబుతారు.

మా పెద్దనాన్న కాచిగూడలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. 83 ఏళ్ళు. నిన్న ఏం తిన్నాడో గుర్తుండదు గానీ, చార్టు మీద పట్టాలు గీసి ముందు పెడితే వేలు పెట్టి చెరిపేస్తాడు. "గీడ పాయింటు లేకుండె బిడ్డా, గింకో రెండు పెట్టెల దూరం ముందలుండె. రాత్రిపూట కందిలి పట్టుకొని నడిషెటోన్ని, నాకెర్క లేదా" అంటాడు. ఆయన కొలతలన్నీ పెట్టెల్లోనే, అడుగుల్లో కాదు. ఇప్పటికి ఏడు చార్టులయ్యాయి. ఆర్నెల్ల కింద వరకూ ఆయన దగ్గర కూర్చుంటే మాకు మాట్లాడుకోవడానికి బీపీ మాత్రలు తప్ప ఇంకేం ఉండేది కాదు. ఇది ఏ గెస్ట్ రూములో దొరుకుతుంది? నిజానికి ఆయనే మా గెస్టు. వచ్చినప్పుడు హాల్లో పడుకుంటానన్నాడు, "బండి నడుస్తనే ఉండనీ" అన్నాడు.

అందుకే తొందర. నా ఫ్లాటు వచ్చాక, లోను సగం తీరాక, పిల్లల చదువులయ్యాక అంటే అప్పటికి బల్ల ఉంటుంది, అడగడానికి మనిషుండడు. మీ ఇళ్ళల్లోనూ ఉంటారు. కాజీపేటలో ఫైర్‌మన్‌గా చేసిన తాతయ్య, గుంతకల్‌లో గార్డుగా చేసిన మేనమామ, బిట్రగుంటలో లోకోషెడ్డు చూసిన అమ్మమ్మ. రైలు కాలనీల్లో పెరగని తెలుగు కుటుంబం తక్కువ. వాళ్ళని ఓ పూట కూర్చోబెట్టి గీయించారా?

చివరి మర్యాద, అందరికన్నా ఎక్కువగా మగవాళ్ళు వాడేది: "నాకూ ఇష్టమే బాసూ, ఇంట్లో ఒప్పుకోరు." ఇది పచ్చి అబద్ధం. అడిగి ఉండరు. తమ పిరికితనాన్ని భార్య పేరు మీద రిజిస్టర్ చేసేశారు. మా ఆవిడకి ఇంజన్ల మీద ఏ ఆసక్తీ లేదు. తను సప్లై చైన్‌లో పనిచేస్తుంది. ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఎక్కడ దాటుకోవాలి అనే లెక్క చూపించాను, అంతే. ఇప్పుడు టైంటేబుల్ తనదే. గూడ్సు బండి ఫలక్‌నుమాలో పన్నెండు నిమిషాలు ఊరికే నిలబడుతోందని నిన్న నాతో గొడవ. గదే ఇంకా రాలేదు, గొడవ మొదలైంది :)

రీసేల్ వాల్యూ పోతుందనేవాళ్ళూ ఉన్నారు. బెజ్జాల యాంగిల్ బల్లని రెంచి పెట్టి విప్పితే ఒక పూటలో గది మళ్ళీ గదే. అసలు ఉండడానికి కొనుక్కున్న ఇంట్లో, ముఖం తెలియని ఎవడో పదిహేనేళ్ళ తర్వాత కొంటాడని, వాడికి నచ్చేలా ఇప్పట్నుంచీ బతకడమేంటి?

వచ్చే ఆదివారం పెద్దనాన్నని తీసుకుని కాచిగూడ వెళ్తున్నాను. ప్లాట్‌ఫారం టికెట్లు రెండు, చార్టు ఒకటి. ఎనిమిదో చార్టు. నీళ్ళ గొట్టం ప్లాట్‌ఫారం చివర నుంచి ఎన్ని పెట్టెల దూరంలో ఉండేదో నడిచి చూపిస్తానన్నాడు. మోకాళ్ళ నొప్పి కదా, కుర్చీ తెస్తానంటే ఒప్పుకోలేదు.